ఇప్రారి చర్చికి తాళం ఉందంటే మూసేసినట్టు కాదు

ఇప్రారి జార్జియా దేశంలో స్వానేతి అనే కొండప్రాంతంలోని పల్లె. అక్కడి పల్లెల రాతి చర్చిలకు తాళం మామూలే అండీ. మీకు దొరకని తాళంచెవి ఆ ఊళ్లోనే ఒకరింట్లో ఉంటుంది.

1. అందరూ మర్చిపోయేది ఇదే: ముందురోజు రాత్రే గెస్ట్‌హౌస్ వాళ్లను అడగాలి. వేసవిలో పగలు జనం గడ్డికోతకు పోతే ఎంత తలుపు కొట్టినా పలికే దిక్కుండదు. భాష రాకపోతే ఫోన్‌లో చర్చి ఫొటో చూపించి, చేత్తో తాళం తిప్పినట్టు చేస్తే చాలు.

2. ఆ ప్రాంతపు పట్టణం మెస్తియాలో షేర్ బండి ఎక్కేముందే ఇప్రారిలో ఆపమని మాట్లాడుకోండి, లేదంటే నేరుగా ఇంకా ముందున్న ఉష్గులి ఊరికి తీసుకుపోతారు.

3. ఆడవాళ్లకు తలమీద చున్నీ, మగవాళ్లకు ఫుల్ ప్యాంటు. ఫ్లాష్ వద్దు, లోపల గోడల మీదివి తెవ్‌దోరె అనే చిత్రకారుడు 1096లో వేసిన బొమ్మలు. తాళం తీసినవాళ్లకు ఇవ్వడానికి కాస్త చిల్లర ఉంచుకోండి.