ఎర్రపువ్వు నిన్నటిది

బిడ్డా,

కథ అందింది. బాగుంది. కానీ మూడో పేజీలో ‘తెల్లవారగానే ఎర్రగా విచ్చుకున్న ఆడపువ్వు తుమ్మెద కోసం ఎదురుచూసింది’ అన్న చోట కాగితాలు పక్కన పెట్టేశాను. రాత్రి అన్నం తిన్నాక మళ్లీ తీశాను. కోపం తగ్గలేదు.

కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో పుట్టిన దానివి. రెండు రకాలను కలిపి సంకర విత్తనం తీసే పత్తి చేలో ఆడపువ్వుకు రేకులెక్కడివి? మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు సాయంత్రమే పట్టుకుని, నీ కథలోని పిల్ల బొటనవేలి గోటితో రేకులనూ కేసరాలనూ కలిపి ఒలిచేసింది కదా. మిగిలింది అండాశయం, దాని మీద నిలబడ్డ సన్నని కాడ, కీలం. అంతే. పొద్దున మగచెట్ల పువ్వులు తెంపుకొచ్చి, ఒక్కోదానితో నాలుగైదింటికి పుప్పొడి రాస్తుంది. ఆ మగపువ్వైనా ఆ పూట మీగడ రంగులోనే ఉంటుంది. ఎరుపెక్కిందంటే దాని పని నిన్ననే అయిపోయింది. ఇక తుమ్మెద! వేరే పుప్పొడి అంటించి విత్తనం చెడగొడుతుందేమోనని రైతు భయపడే పురుగును పట్టుకొచ్చి పెళ్లికొడుకును చేశావు.

పువ్వు కనబడితే పెళ్లి చేయడం మన కవులకు పాత జబ్బు. దాని పని తెలియకుండా పోలిక జోలికి పోవద్దు. నేను వందసార్లు చెప్పిన మాటే ఇది, నూటొకటోసారి నీకు చెబుతున్నాను.

నా మొదటి కథ తాళ్ల మీద, అంటే తాటిచెట్ల మీద. నల్లగొండ పక్క మా ఊళ్లో మగదైన పోతుతాడు వేరు, ఆడదైన పండుతాడు వేరు. కల్లు రెండూ ఇస్తాయి, పోతుతాడు మాత్రం కాయ కాయదు. వాటాలో పోతుతాళ్లే దక్కిన గీత కార్మికుడిని కొడుకు ముంజలు అడుగుతాడు. కథంతా అదే. సంపాదకుడు ‘పట్నం పాఠకుడికి తెలియదు’ అని పోతుతాడు అన్నచోటల్లా తాటిచెట్టు అని దిద్దాడు. తాటిచెట్టు ఉండి ముంజలు లేకపోవడమేమిటని అందరూ నవ్వారు. ఆ పత్రిక తర్వాత మూతపడింది. నాకు బాధ కలగలేదు.

నువ్వు వదిలేసిన సంగతి చూడు. కీలం కొసన పుప్పొడి రేణువు మొలకెత్తుతుంది. సన్నని గొట్టమై లోపలికి దిగుతుంది. అందులో వచ్చే మగకణాలు రెండు. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది, రెండోది ఆ పిండానికి తిండి సమకూర్చే కణజాలానికి మొదలవుతుంది. విత్తు పైపొరలోని కణాలు కూడా పువ్వు విచ్చిన రోజే సాగడం మొదలుపెడతాయి. ఒక్కో పత్తిపోగు ఒకే ఒక్క కణం! ఆ పిల్ల పక్క చెట్టుకు జరిగేసరికే దూది మొదలవుతోంది. ఇంత ఉండగా తుమ్మెద ఎందుకమ్మా?

అన్నం కలుపుతుంటే చిట్లిన గోటికి కారం తగిలి పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంటుందే, ఆ వాక్యం మాత్రం ముట్టుకోకు. ఎవరు చెప్పినా సరే, నేను చెప్పినా సరే.

కలం పేరు గురించి, పోటీల గురించి ఏదో అడిగావు. మరోసారి చూద్దాం. మూడో పేజీ తిరగరాసి పంపు. కాగితానికి ఒకవైపే రాయి, వెనక సిరా ఇవతలికి కనబడి నా కళ్లు లాగేస్తున్నాయి.