అండమాన్‌లో ఒక్కరోజు దీవి ప్రయాణం: కార్డు మీద కట్టాలా, చీటీ పాడుకోవాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా వారు ప్రైవేటు సంస్థలో సూపర్‌వైజరు, నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. ఇద్దరికీ కలిపి నెలకు 82,000 రూపాయలు వస్తాయి. అద్దె, పాప స్కూలు ఫీజు, ఇంటి ఖర్చులు కలిపి 54,000 అవుతుంది. 10,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సొమ్ము) కడుతున్నాం. మా వీధిలో లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాం, 20 నెలల చీటీలో ఇది ఏడో నెల. అత్యవసరాలకని బ్యాంకులో 2,10,000 ఉంచాం. జనవరి ఆఖరి వారంలో మా అత్తగారు (67 ఏళ్లు), పదేళ్ల పాపతో కలిసి నలుగురం అయిదు రోజులకు అండమాన్ వెళుతున్నాం. విమాన టికెట్లు, గదులు అయిపోయాయి. సముద్రం ఒడ్డునే పుట్టి పెరిగినా అత్తగారు ఇంతవరకు పడవ ఎక్కలేదు. సందడి లేని దీవి ఒకటి చూడాలని ఆమె కోరిక. నాలుగో రోజు మా నలుగురికే ప్రత్యేక పడవ పెట్టి, దీవి చూపించి సాయంత్రానికి తీసుకొస్తానని ఏజెంటు 38,000 అడుగుతున్నాడు. మొత్తం ఇప్పుడే కట్టాలట. అయిదో రోజు ఉదయం తిరుగు విమానం. ఆ సొమ్మును వడ్డీ లేని 12 నెలల వాయిదాల్లో కార్డు మీద కట్టాలా, చీటీ పాడుకోవాలా, అత్యవసర నిధిలోంచి తీయాలా?

జవాబు: మూడూ వద్దండి. మీకు కావలసినది 38,000 కాదు, 26,000. దాన్ని ఈ ఆగస్టు నుంచి డిసెంబరు వరకు నెలకు 5,200 చొప్పున అప్పు లేకుండానే కూడబెట్టవచ్చు. ఆ లెక్క కింద చెబుతాను. అంతకన్నా ముందు చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. డబ్బు ఎక్కడి నుంచి తేవాలని మీరు అడిగారు గానీ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ప్రయాణాన్ని నాలుగో రోజున పెట్టుకోవడం. దీవి నుంచి ఆ సాయంత్రం తిరిగి రాలేకపోతే మర్నాటి విమానం మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతుంది. ఆఖరి నిమిషంలో మనిషికి 11,000 చొప్పున నాలుగు టికెట్లు కొనవలసి వస్తే 44,000 అవుతుంది, అంటే పడవకు అడిగిన సొమ్ము కన్నా ఎక్కువ.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు అండమాన్ సముద్రం సాధారణంగా ప్రశాంతంగానే ఉంటుంది, కాబట్టి మీరు మంచి నెలనే ఎంచుకున్నారు. అయినా 2019 జనవరి మొదటి వారంలో పబుక్ తుపాను సరిగ్గా ఆ దీవుల మీదుగానే వెళ్లింది. అంతకు ముందు 2016 డిసెంబరులో వాతావరణం చెడి, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో సుమారు 1,400 మంది పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు పంపి తీసుకురావలసి వచ్చింది. మీకు ఇది కొత్త కాదు. వాయుగుండం అనగానే మీ ఊరి రేవులోనూ ప్రమాద సూచిక ఎగరేస్తారు, ఆ రోజు వేటకు వెళ్లే పడవ ఉండదు. అక్కడా అంతే, రేవు అధికారులు ఆపమంటే ఎంత ఖరీదైన పడవైనా కదలదు. అందుకని దీవి ప్రయాణాన్ని రెండో రోజుకు మార్చమని ఏజెంటుకు ఈ వారమే చెప్పండి. ఆ రోజు వీలు కాకపోతే మూడో రోజు ఉంటుంది, అదీ కాకపోతే నాలుగో రోజు ఉదయం పరిస్థితి చూసుకుని నిర్ణయించుకోవచ్చు. ఈ మార్పుకు మీకు పైసా ఖర్చు లేదు, నేను ఇవ్వగలిగిన సలహాలన్నింటిలో ఎక్కువ డబ్బు మిగిల్చేది మాత్రం ఇదే.

ఇక ఏ దీవి అన్నది. సందడి లేని దీవి అనగానే జాలీ బాయ్ పేరు చెబుతారు. పోర్ట్ బ్లెయిర్‌ను 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. ఆ ఊరి నుంచి వండూర్ రేవుకు రోడ్డు మీద వెళ్లి, అక్కడి నుంచి పడవలో జాలీ బాయ్ చేరుకోవాలి. అది 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కులోని దీవి. మనుషులు నివసించరు, దుకాణం లేదు, రాత్రి బస లేదు, అటవీశాఖ అనుమతి కావాలి, సోమవారం సెలవు, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ తీసుకెళ్లనివ్వరు. ఇంతవరకు అన్నీ మీ అత్తగారి కోరికకు తగినవే. అయితే పెద్ద పడవ ఒడ్డు దాకా వెళ్లదు. నీళ్లలోనే ఆగుతుంది, అక్కడ ఊగుతున్న పడవలోంచి అద్దపు అడుగున్న చిన్న పడవలోకి దిగి, దానిలో ఒడ్డుకు చేరాలి, తిరుగు ప్రయాణంలో మళ్లీ అలాగే ఎక్కాలి. చేయి పట్టుకునే మనిషి ఉన్నా, 67 ఏళ్ల మోకాళ్లకు ఆ అడుగు తేలిక కాదు. మీ అత్తగారు ఇంట్లో మేడ మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కగలిగితేనే జాలీ బాయ్ ఆలోచించండి.

నా ఓటు షహీద్ ద్వీప్‌కు. 2018 డిసెంబరు దాకా దాని పేరు నీల్ దీవి. అక్కడ రేవుంది, పడవ నేరుగా రేవుకే వెళ్లి ఆగుతుంది, దిగగానే ఆటోలు దొరుకుతాయి. స్వరాజ్ ద్వీప్‌తో (పాత పేరు హేవ్‌లాక్) పోలిస్తే జనం తక్కువ, ఊళ్లు చిన్నవి, మధ్యలో కూరగాయల తోటలు, కొబ్బరి చెట్లు. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్ అని అక్కడి ఊళ్ల పేర్లు, మీ అత్తగారికి ఆ పేర్లు వింటేనే సంతోషం కలుగుతుందని నా నమ్మకం. శ్రీ విజయపురం నుంచి ప్రైవేటు ఓడలో గంట, గంటన్నరలో చేరవచ్చు. ప్రభుత్వ ఓడ ఇంకొంచెం నిదానం, చార్జీ బాగా తక్కువ, సీట్లు దొరకడం కష్టం. అక్కడ జనవరిలో సాయంత్రం అయిదున్నర లోపే సూర్యాస్తమయం అవుతుంది కాబట్టి ఉదయం మొదటి ఓడలో వెళ్లి మధ్యాహ్నం ఓడలో తిరిగి రావడం మేలు. ఆ రోజు పోటు, ఆటు ఎన్నింటికో ముందుగా అడిగి తెలుసుకోండి. లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ రాతి వంతెన దాకా నడవాలంటే ఆటు సమయమే కావాలి.

నలుగురికే ప్రత్యేక పడవ అనవసరమని ఎందుకంటున్నానో కూడా చెప్పాలి. సముద్రం మీద చిన్న వేగపు పడవ కన్నా పెద్ద ఓడే తక్కువ ఊగుతుంది, మొదటిసారి ఎక్కేవారికి అదే సుఖం. రెండోది, రోజూ నడిచే ఓడను వాతావరణం వల్ల వాళ్లే రద్దు చేస్తే టికెట్ సొమ్ము సాధారణంగా తిరిగి ఇస్తారు, ప్రత్యేక పడవకు అలాంటి హామీని మీరే రాతపూర్వకంగా తీసుకోవాలి. మూడోది ప్రాణాల సంగతి. 2014 జనవరి 26న అండమాన్‌లోనే పరిమితికి మించి జనాన్ని ఎక్కించిన పర్యాటక పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగినది మనం ఇంకా మరచిపోలేదు. కాబట్టి ఏ పడవ ఎక్కినా ఎంతమందికి అనుమతి ఉందో అడగండి, లైఫ్ జాకెట్ పాప కొలతకు సరిపోయేది ఇవ్వకపోతే ఎక్కకండి, కట్టిన డబ్బు పోయినా సరే.

లెక్కకు వద్దాం. ధరలు మారుతుంటాయి కాబట్టి కొంచెం ఎక్కువగానే వేస్తున్నాను. ఓడ టికెట్లు మనిషికి ఒక వైపు 1,700 చొప్పున నలుగురికి రానూ పోనూ 13,600. గది నుంచి రేవుకు, రేవు నుంచి గదికి టాక్సీ 1,000. దీవిలో రోజంతా ఆటో 1,800. భోజనం, కొబ్బరి నీళ్లు 2,000. అద్దపు అడుగు పడవలో పగడపు దిబ్బలు చూడడానికి 1,600. మొత్తం 20,000. దీనికి మరో 6,000 కలపండి, దీన్ని నేను వాయిదా నిధి అంటాను. ఓడ ఆగిపోయి ఆ రాత్రి దీవిలోనే ఉండవలసి వస్తే గదికి 3,500, రాత్రి భోజనం, ఉదయం టిఫిన్‌కు 1,500, టికెట్ తేడాకు 1,000. సముద్రం దయ చూపితే ఆ 6,000 ముట్టకుండా ఇంటికి తెచ్చుకుంటారు. నా అనుభవంలో పడవ ప్రయాణాలకు బడ్జెట్ వేసేవాళ్లందరూ టికెట్ ధర దగ్గరే ఆగిపోతారు, ఈ రెండో అంకె వేసేవాళ్లు చాలా తక్కువ.

మీ ఆదాయంలో ఖర్చులు, సిప్, చీటీ పోగా నెలకు 13,000 మిగులుతోంది. అందులోంచి 5,200 ఈ ప్రయాణానికి విడిగా తీయండి, అయిదు నెలల్లో 26,000 అవుతుంది. బ్యాంకు యాప్‌లోనే ఆరు నెలలకు తక్కువ కాలానికి రికరింగ్ డిపాజిట్ దొరక్కపోతే విడి పొదుపు ఖాతా చాలు. అయిదు నెలల సొమ్మును షేర్లలోనో ఈక్విటీ ఫండ్‌లోనో పెట్టవద్దు, ప్రయాణపు తేదీకి మార్కెట్ ఎక్కడ ఉంటుందో మన చేతుల్లో లేదు. సిప్‌ను ఆపవద్దు కూడా.

వడ్డీ లేని వాయిదాల విషయానికి వస్తే, ఆ మాట సరైనది కాదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో వడ్డీ ఉంటుంది, అంత సొమ్మును అమ్మేవాడు ధరలో తగ్గించినట్టు చూపిస్తాడు. 15 శాతం వడ్డీ అనుకుంటే మీ 38,000లో సుమారు 2,900 వడ్డీయే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 525, మీరే కట్టాలి, దాని పైన ప్రాసెసింగ్ రుసుము. ఇవి చిన్న మొత్తాలేనని మీరు అనవచ్చు. కానీ పడవ రద్దయితే ఏజెంటు సొమ్ము తిరిగి ఇచ్చేలోపు వాయిదాలు ఆగవు, అప్పటికే పడిన జీఎస్టీ, రుసుము సాధారణంగా వెనక్కి రావు. ఎక్కని పడవకు ఏడాది పాటు వాయిదాలు కట్టే పరిస్థితి ఏ కుటుంబానికీ రాకూడదు.

చీటీ ఇప్పుడే పాడుకుంటే, 15,000 తగ్గించి పాడారనుకోండి, చేతికి 85,000 వస్తుంది, మిగిలిన 13 నెలలూ కట్టాలి. 26,000 అవసరానికి 85,000 తెచ్చుకుంటే మిగిలిన 59,000 ఇంట్లో నిలవదు, ఏదో ఒక ఖర్చు వెతుక్కుంటుంది. మరో మాట. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ప్రతి చీటీకీ రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ వీధి చీటీకి లేకపోతే, ఇది పూర్తయ్యాక మళ్లీ అలాంటి దానిలో చేరవద్దు. అత్యవసర నిధి 2,10,000 మీ ఖర్చులకు నాలుగు నెలలకు కూడా చాలదు, ఆరు నెలలకు 3,24,000 కావాలి. దాన్ని పెంచవలసిన సమయంలో తగ్గించుకోవడం సరికాదు. ప్రయాణం సొమ్ము తీశాక ఇంకా మిగిలే 7,800లో వీలైనంత దానిలో వేయండి.

మీ వారి జీతం వివరాల్లో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉందేమో చూడండి. ఉండి, ఆయన పాత పన్ను విధానంలో ఉంటే, విమాన టికెట్ల బిల్లులు, బోర్డింగ్ పాసులు దాచి ఆఫీసులో ఇవ్వండి. పన్ను మినహాయింపు గమ్యానికి దగ్గరి దారిలో అయ్యే ప్రయాణ ఖర్చుకే వర్తిస్తుంది. గదులు, భోజనం, అక్కడ తిరిగే ఆటోలు, షికారు పడవలు దాని కిందికి రావు. కొత్త విధానంలో ఈ మినహాయింపే లేదు.

బీమా గురించి మీరు అడగలేదు, నేను వదిలిపెట్టలేను. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద మరణానికి, పూర్తి అంగవైకల్యానికి 2 లక్షల రక్షణ ఉంటుంది. 18 నుంచి 70 ఏళ్ల వారికి వర్తిస్తుంది కాబట్టి మీ అత్తగారికి కూడా తీసుకోవచ్చు. ముగ్గురికీ కలిపి 60 రూపాయలు, బ్యాంకులో ఒక్క సంతకం. విడిగా ప్రయాణ బీమా తీసుకుంటే, వాతావరణం వల్ల ఆలస్యానికి ఎన్ని గంటల తరువాత పరిహారం ఇస్తారో, నీటి ఆటలకు వర్తిస్తుందో లేదో చదివాకే కట్టండి.

ఇక చెల్లింపు. కొన్నేళ్ల కిందట మా అమ్మానాన్నలను ఇలాంటి ప్రయాణానికే పంపుతూ, మొత్తం సొమ్ము ముందే ఒక ఏజెంటుకు కట్టాను. పడవ ఆగిపోయింది, సొమ్ము తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది, అదీ పూర్తిగా రాలేదు. రసీదు మీద రద్దు షరతు ఒక్క ముక్క కూడా రాయించుకోకపోవడం వల్ల అడగడానికి నా దగ్గర ఆధారం లేకపోయింది. కాబట్టి మీరు ఓడ టికెట్లు ఓడ నడిపేవారి దగ్గరే నేరుగా మీ పేర్ల మీద కొనండి, రద్దు నియమాలున్న పేజీని ఫోన్‌లో దాచుకోండి. ఏజెంటుకు టాక్సీ వంటి పనులు అప్పగిస్తే పావు వంతుకు మించి ముందుగా ఇవ్వవద్దు.

దీవిలో ఫోన్ చెల్లింపులు అన్నిచోట్లా పనిచేస్తాయని నమ్ముకోకుండా, 5,000 రూపాయలు వందలు, రెండు వందల నోట్లుగా ఒక కవరులో, వాయిదా నిధి 6,000 మరో కవరులో పెట్టుకోండి. నలుగురి అసలు గుర్తింపు కార్డులు, అత్తగారి మందులు రెండు రోజులకు సరిపడా చేతి సంచిలోనే ఉండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో పదమూడు శాతం మందికి తెలుగే మాతృభాష, రేవు దగ్గర సందేహం వస్తే తెలుగులో అడిగేవారికి జవాబు చెప్పే మనిషి దొరుకుతాడు. టికెట్లు కొనేటప్పుడు అత్తగారికి ఓడ మధ్య భాగంలో కింది అంతస్తు సీటు అడగండి, ఊపు అక్కడే తక్కువ. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర ఆమె బీపీ మందులతో కలిపి వాడవచ్చో లేదో మీ డాక్టరును డిసెంబరులోనే అడిగి ఉంచండి.