వెల్డింగ్ చేస్తుంటే హోల్డర్ దగ్గర షాక్ కొడుతోంది, ప్రమాదమా?

ప్రమాదమే. "వోల్టేజీ తక్కువే కదా, చిన్న జర్క్ మామూలే" అనే మాట నమ్మకండి.

ఆర్క్ (రాడ్ కొనకూ ఇనుముకూ మధ్య మెరిసే మంట) వెలుగుతున్నప్పుడు హోల్డర్ (రాడ్‌ను పట్టే పిడి) దగ్గర ఉండేది 20-30 వోల్టులే. ఆర్క్ ఆగగానే అది 50 నుంచి 80 వోల్టులకు పెరుగుతుంది. అంటే రాడ్ మార్చే క్షణమే అసలు గండం. చెమటకు తడిసిన గ్లవ్, తడి నేల, ఇనుప గేటుకు ఆనుకున్న ఒళ్లు, ఇవన్నీ కలిస్తే ఆ కరెంటు గుండె మీదుగా పోవచ్చు. పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్లు ఇచ్చే ఏసీ కరెంటుతో ముప్పు ఇంకా ఎక్కువ.

అందుకే పొడి తోలు గ్లవ్స్ రెండు జతలు దగ్గర ఉంచుకోండి, ఒక జత తడవగానే మార్చేయండి. కాళ్ల కింద పొడి చెక్క పలక వేసుకోండి. హోల్డర్ ఇన్సులేషన్ పగిలితే టేపు చుట్టి సరిపెట్టకండి, కొత్తది కొనండి. హోల్డర్‌ను చంకలో పెట్టుకునే అలవాటు వెంటనే మానేయాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే: బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంది కాబట్టి భయం లేదనుకుంటారు. అది 230 వోల్టుల లైన్ వైపు లీకేజీనే పసిగడుతుంది. హోల్డర్ వైపు షాక్ కొడితే ట్రిప్ కాదు. మెషీన్ బాడీకి ఎర్తింగ్ మాత్రం తప్పకుండా ఉండాలి.

ఇంకొకటి, జీఐ పైపు (జింక్ పూత ఉన్న ఇనుప పైపు) వెల్డ్ చేస్తే వచ్చే తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం రావచ్చు. అతుకు దగ్గర జింక్ పూత గ్రైండర్‌తో తీసేయండి, గాలి బాగా ఆడే చోట పని చేయండి.