గురువారం బయాప్సీకి వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో "పిన్నీ, బాగా నొప్పెడుతుందా?" అని అడిగావు. వెనక మీ అమ్మ ఏడుపు వినపడుతుంటే నేనేం చెప్పానో నాకే గుర్తులేదు. రెండుసార్లు ఆ బల్ల మీద పడుకుని లేచిన దాన్ని, ఆ మాత్రం జవాబు చెప్పలేకపోయానే అని రాత్రంతా అనుకున్నాను. అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ అంకె సంగతి తేల్చుకుందాం. నీ రొమ్ములో గడ్డకు తీసిన స్కానింగ్ రిపోర్టులో బైరాడ్స్ 4ఏ అని ఉందట. మీ అమ్మ దాన్ని నాలుగో స్టేజీ అనుకుంది. ఆ ఏడుపంతా అందుకే. బైరాడ్స్ అంటే స్కానింగ్ చూసిన డాక్టరు తన అనుమానానికి వేసే గ్రేడు. జబ్బు స్టేజీకీ దానికీ సంబంధం లేదు. ఆ 4లో మళ్లీ ఏ, బీ, సీ ఉంటాయి. ఏ అంటే వాటిలో అన్నిటికంటే తక్కువ అనుమానం. అలాంటి గడ్డలు 100 ఉంటే కేన్సర్ అని తేలేవి 2 నుంచి 10 దాకా ఉంటాయి, మిగతావన్నీ మామూలు గడ్డలే. నీది ఎందులోదో స్కానింగ్ చెప్పలేదు కాబట్టి గడ్డలోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడతారు, బయాప్సీ అంటే అంతే. ఈ నాలుగు మాటలూ మీ అమ్మకు చదివి వినిపించు.

ఇక నొప్పి. మత్తు ఇంజెక్షన్ వేసేటప్పుడు చుర్రుమంటుంది. పన్ను పీకించుకున్నప్పుడు చిగురుకు వేశారు చూడు, అలాంటిదే. కొన్ని సెకన్లు మంట, తర్వాత ఆ చోటు మొద్దుబారిపోతుంది. అప్పుడు చర్మం మీద బియ్యపు గింజంత గాటు పెట్టి, స్కానింగ్ తెరలో చూసుకుంటూ సూదిని గడ్డ దాకా తీసుకెళ్తారు. లోపల ఎవరో నొక్కుతున్నట్టు, తోస్తున్నట్టు తెలుస్తుంది. పోటు మాత్రం ఉండకూడదు. ఉంటే చెప్పు, ఇంకాస్త మత్తు వేస్తారు. మొదటిసారి నేను పంటి బిగువున భరించి, అంతా అయ్యాక చెబితే నర్సమ్మ తిట్టింది. "ఓర్చుకుంటే ప్రైజేమైనా ఇస్తారామ్మా?" అంది.

నన్ను అదరగొట్టింది చప్పుడు. ఆ సూది స్ప్రింగుతో పనిచేస్తుంది, మీట నొక్కగానే స్టేప్లర్ కొట్టినట్టు టక్కుమంటుంది. తెలియకపోతే ఒళ్లు ఉలిక్కిపడుతుంది, కదిలితే గురి తప్పుతుంది. మంచి డాక్టర్లు ముందే ఒకసారి గాల్లో కొట్టి వినిపిస్తారు. వినిపించకపోతే నువ్వే అడుగు. నాలుగైదుసార్లు ఆ టక్కు వింటావు. ప్రతిసారీ సేమ్యా ముక్కంత కండ వస్తుంది, చెడిపోకుండా దాన్ని ఫార్మలిన్ అనే మందున్న సీసాలో వేస్తారు. గడ్డ ఉన్న చోట గుర్తుకు చిన్న లోహపు క్లిప్పు పెడతామని కూడా అనొచ్చు. కంగారుపడకు, అది లోపలే ఉండిపోయినా ఏమీ కాదు. మొత్తం అరగంట, ముప్పావు గంట పని. కుట్లు ఉండవు.

ఆ రోజు పొద్దున టిఫిన్ తినే వెళ్లు. చోటు మత్తే కాబట్టి మామూలుగా పస్తుండనక్కర్లేదు, వేరేగా చెబితే తప్ప. పౌడరు, సెంటు రాసుకోకు. మళ్లీ మామోగ్రామ్, అదే రొమ్ము ఎక్స్‌రే, తీస్తే ఆ పౌడరు రేణువులు కూడా మచ్చల్లా కనపడతాయి. గొలుసులు ఇంట్లోనే పెట్టి వెళ్లు. రక్తం పలచబడే మాత్రలు, ఎకోస్ప్రిన్ లాంటివి, ఏవైనా వేసుకుంటుంటే ముందే చెప్పు, నీ అంతట నువ్వు మానేయకు. చేసేది మగ డాక్టరైతే ఆడ నర్సు గదిలో ఉండాలని అడగొచ్చు, అందులో మొహమాటం లేదు.

"సూది గుచ్చితే గడ్డ కదిలి ఒళ్లంతా పాకుతుంది" అని మీ మేనత్త అందట. ఈ మాట నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఎందుకు పుట్టిందో కూడా నాకు తెలుసు. ఆ రోజుల్లో ఆడవాళ్లు గడ్డ పుండై వాసన వచ్చేదాకా ఎవరికీ చూపించేవాళ్లు కాదు. అప్పుడు ఆస్పత్రికి వెళ్తే సూది పెట్టేవాళ్లు, కొన్నాళ్లకు మనిషి పోయేది. నేరం సూది మీద పడింది. సూది దారిలో ఒకటీ అరా కణాలు జారొచ్చని డాక్టర్లే ఒప్పుకుంటారు. దానివల్ల జబ్బు ముదిరినట్టుగానీ, ఆయుష్షు తగ్గినట్టుగానీ తేలలేదని కూడా వాళ్లే చెబుతారు. అసలు ఏ జబ్బో తెలియకుండా కోసేయడం కంటే ముందు సూదితో తెలుసుకోవడమే ఇప్పుడు అందరూ పాటించే పద్ధతి. మేనత్తతో వాదన పెట్టుకోకు. "సరే అత్తా" అని ఫోన్ పెట్టెయ్.

నాకు జరిగింది నీకు పూర్తిగా తెలియదు. 2011లో మొదటిసారి గడ్డ తగిలినప్పుడు ఒక చిన్న ల్యాబులో సన్న సూది పరీక్ష చేశారు, ఎఫ్ఎన్ఏసీ అంటారు. అందులో కణాలు మాత్రమే వస్తాయి, ముక్క రాదు. రిపోర్టులో 'ఇన్‌అడిక్వేట్' అని ఉంది. కౌంటర్ దగ్గర అబ్బాయి "ఏమీ లేదమ్మా" అన్నాడు. నేనూ అదే అనుకుని దేవుడికి కొబ్బరికాయ కొట్టి ఇంటికొచ్చాను. ఆ మాటకు అర్థం 'తీసిన కణాలు చూడ్డానికి చాలలేదు' అని మూడు నెలల తర్వాత వేరే డాక్టరు చెబితే తెలిసింది. ఆయన కోర్ బయాప్సీ, అంటే నీకు చేసే లాంటి ముక్క తీసే పరీక్ష, చేయించారు, ఫైబ్రోఎడినోమా అని వచ్చింది. ఏ హానీ లేని గడ్డ. బతికిపోయాను గానీ, ఆ మూడు నెలలు తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే. 2019లో రెండో వైపు వచ్చినప్పుడు అదృష్టం అలా లేదు. కాకపోతే ఈసారి వారం కూడా వృథా చేయలేదు. తర్వాతి కథ నీకు తెలుసు, నా జుట్టు మళ్లీ ఎలా వచ్చిందో కూడా చూశావు.

బల్ల దిగాక ఆ చోటును పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టి పట్టీ వేస్తారు. ఇంటికొచ్చాక ఐస్‌ను గుడ్డలో చుట్టి కాసేపు పెట్టు, తీసెయ్, మళ్లీ పెట్టు. చర్మానికి నేరుగా తగలనివ్వకు. మత్తు దిగాక సలుపుతుంది, పారాసెటమాల్ చాలు. డాక్టరు చెప్పకుండా బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు. రక్తం కారడం పెరుగుతుంది. మొదటి రాత్రి బిగువైన బ్రాతోనే పడుకో, అటూ ఇటూ తిరిగినప్పుడు లాగకుండా ఉంటుంది. మర్నాడు పట్టీ తీసి స్నానం చేయొచ్చంటారు, నీ డాక్టరు ఏమంటే అది. రెండు రోజులు తడిబట్టల బకెట్టు ఎత్తకు, చంటాణ్ణి చంకనేసుకోకు. వాడు ఏడుస్తాడు, ఏడవనీ. మీ ఆయన ఎత్తుకుంటాడు.

కమిలిన మచ్చ చూసి భయపడతావు, చెప్పి పెడుతున్నాను. నేరేడు పండు రంగులో మొదలై, ఆకుపచ్చగా, పసుపుగా మారి రెండు వారాల్లో పోతుంది. నాకైతే గాటుకు జానెడు కిందికి దిగింది. గాటు మీద పసుపు అద్దుతానని మీ అమ్మ తయారుగా ఉంటుంది. అద్దనివ్వకు. వాపు గంటగంటకూ పెరుగుతున్నా, నొక్కి పట్టినా రక్తం ఆగకపోయినా, జ్వరం, ఎరుపు, చీము కనపడినా, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా ఆస్పత్రికి వెళ్లు, అర్ధరాత్రయినా సరే.

ఇంతవరకూ చెప్పింది తేలికైన భాగం. కష్టమంతా రిపోర్టు కోసం ఎదురుచూడ్డంలోనే ఉంది. గురువారం ఇస్తున్నావు, మధ్యలో ఆదివారం తగులుతుంది. మంగళ, బుధవారాల దాకా రాకపోవచ్చు. ఆలస్యమైతే చెడ్డ వార్తేనని లెక్కలు వేసుకోకు. ముక్కను మైనంలో పెట్టి, పల్చగా కోసి, రంగులద్దడానికే సమయం పడుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చోకు, ఒంట్లో బాగుంటే ఆఫీసుకు వెళ్లు. విషయం ఇద్దరికి మించి చెప్పకు. పదిమందికి చెబితే పరామర్శలు మొదలవుతాయి. ఒకరు బొప్పాయాకు రసం అంటారు, ఇంకొకరు ఎవరో పోయిన కథ చెబుతారు.

ఇప్పుడు రిపోర్టులు వాట్సాప్‌లో వచ్చేస్తున్నాయి. ఒంటరిగా, రాత్రిపూట తెరవకు. డాక్టరు ముందు తెరువు. బినైన్ అంటే కేన్సర్ కాదు. అయినా "స్కానింగ్‌లో కనపడినదానికీ, దీనికీ పొంతన కుదిరిందా డాక్టర్?" అని అడుగు. కుదరకపోతే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు. ఎటిపికల్ అంటే కణాలు మామూలుగా లేవు, అలాగని కేన్సరనీ చెప్పలేరు; అప్పుడు ఆ చోటును కోసి తీసి పూర్తిగా చూడమనవచ్చు. కార్సినోమా, అంటే కేన్సర్, అని వస్తే ఈఆర్, పీఆర్, హెర్2 అనే పరీక్షలు అదే ముక్క మీద చేస్తారు, వాటికి ఇంకొన్ని రోజులు. ఏ మందు పనిచేస్తుందో వాటిని బట్టే తేలుతుంది. ఏది వచ్చినా స్లైడ్లు, మైనపు బ్లాకులు ల్యాబులో అడిగి తీసుకునే వీలుందో కనుక్కో. రేపు హైదరాబాద్‌లో ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రికి వెళ్లినా, బొంబాయి టాటా ఆస్పత్రికి వెళ్లినా మొదట అడిగేది అవే. నేను వాటి కోసం తర్వాత రెండుసార్లు తిరిగాను.

బుధవారం శాతవాహన రైలుకు వస్తున్నాను. ముందు జిప్పున్న నైటీలు రెండు కుట్టించి తెస్తున్నాను, చేతులు పైకెత్తక్కర్లేకుండా వేసుకోవచ్చు. అల్లుణ్ణి స్టేషన్‌కు పంపకు, ఆటో మాట్లాడుకుంటాను. గురువారం మీ అమ్మ ఇంట్లో చంటాడి దగ్గర ఉంటుంది, నీతో నేనొస్తాను. ఇది మీ అమ్మకు నేనే చెబుతాను.

మీ పిన్ని