పాపం నిండుతుందా, పండుతుందా?

సందేహం: నా కథలో ఒక తల్లి ఉంది. పక్క పొలంవాడు గట్టు జరిపి వాళ్ల నేల కొంత కలిపేసుకున్నాడు. ఆ తర్వాత మేడ కట్టాడు, కారు కొన్నాడు. ‘దేవుడెక్కడున్నాడమ్మా?’ అని కొడుకు అడిగితే, ఆమె ‘వాడి పాపం ఇంకా పండలేదులే’ అంటుంది. చదివిన మిత్రుడు, ‘నోము పండింది, కడుపు పండింది అంటాం. పండటం శుభం, పాపానికి కుదరదు. నిండలేదు అని మార్చు’ అన్నాడు. మార్చాలా?

సమాధానం: మార్చకండి.

పండటంలో శుభమూ అశుభమూ లేవు. ముదిరి ముదిరి చివరి దశకు రావడమే పండటం. గోరింటాకు పండుతుంది, తల పండుతుంది, చెట్టు మీద ఆకూ పండుతుంది. పండుటాకును చూసి శుభం అనుకునేవాళ్లెవరు? ఇక రాలుతుందనే అనుకుంటాం. పాపం పండటం ఆ కోవలోది. సంస్కృతంలోనూ కర్మకు ‘విపాకం’ అన్నారు. అందులోని ‘పచ్’ ధాతువుకు వండటం, పండటం రెండూ అర్థాలే. అధర్మం ‘గౌః’ లాగా వెంటనే ఫలించదని మనుస్మృతి నాలుగో అధ్యాయంలో ఉంది. ఆ మాటకు ఆవు అనీ, భూమి అనీ రెండర్థాలు. భూమి అనుకుంటే, విత్తిన మర్నాడే పంట చేతికి రాదని భావం. రెండు శ్లోకాల తర్వాత ఇంకా ఘాటుగా చెప్పాడు: అధర్మం చేసేవాడు ముందు ఎదుగుతాడు, మంచి రోజులు చూస్తాడు, శత్రువుల్నీ గెలుస్తాడు, ఆపైన వేళ్లతో సహా పోతాడు. మీ కథలోని మేడా, కారూ ఆ మొదటి భాగంలోవే.

‘నిండటం’ కూడా తప్పేం కాదు. హిందీవాళ్ల పాపాల ‘ఘడా’, కన్నడిగుల పాపాల ‘కొడ’ నిండుతాయి. రెండూ కుండలే. మనకు శిశుపాలుడున్నాడు. మేనత్తకిచ్చిన మాట కోసం కృష్ణుడు నూరు తప్పులు కాచి, రాజసూయ సభలో లెక్క దాటగానే చక్రం వేశాడు. లెక్క ఉంది కాబట్టి అక్కడ ‘నూరూ నిండాయి’ అనడమే బాగుంటుంది. కుండ ఎంత నిండిందో తొంగి చూడొచ్చు. పండేదాన్ని అలా చూడలేం. మా అమ్మమ్మ మామిడికాయల్ని మంచం కింద వరిగడ్డిలో మగ్గేసేది. పూటకోసారి చెయ్యి దూర్చి నొక్కి చూసేవాళ్లం. నొక్కిన చోట కమిలి నల్లబడేది గానీ కాయ పండేది కాదు. ఆవిడ మాత్రం మంచం దిగకుండానే వాసన పట్టి, ‘ఇవాళ తియ్యండ్రా’ అనేది. (ఇప్పుడు కార్బైడ్ వేసి గబగబా రంగు తెప్పిస్తున్నారు. అది వేరే పాపం.)

మీ మిత్రుడు గమనించని తేడా ఒకటుంది. ‘నా నోము పండించావు స్వామీ’ అంటాం, ‘కడుపు పండించు తల్లీ’ అని మొక్కుకుంటాం. ‘దేవుడు వాడి పాపం పండించాడు’ అని ఎవరైనా అనగా విన్నారా? నేను వినలేదు. నోముల్ని పండించే పని దేవుడికి అప్పజెప్పిన జనం, పాపాన్ని మాత్రం దానంతటదే పండనిచ్చారు. ఆ వాక్యంలో కర్త పాపమే.

ఇంకోటి. అన్యాయమైపోయినవాళ్లు కూడా ‘పండలేదు’ అంటారే తప్ప ‘పండదు’ అనరు. పక్కన ‘ఇంకా’ ఉండనే ఉంటుంది. వాక్యం వ్యతిరేకార్థకమే, కానీ పండుతుందా లేదా అన్న అనుమానం అందులో లేదు. ఎప్పుడన్నదే తేలలేదు. మీ కథలో తల్లి కొడుక్కిచ్చిన జవాబంతా ఆ ‘ఇంకా’లోనే ఉంది. మిత్రుడి మాట విని క్రియను మార్చినా మార్చారు గానీ, దాన్ని మాత్రం కొట్టెయ్యకండి.

కథ చివర ఆ పక్క పొలంవాడికి ఏదైనా జరిగి, ఆవిడ నోట ‘పాపం, వాడి పాపం పండింది’ అనిపించాలనుకుంటే, మొదటి పాపం తర్వాత కామా మర్చిపోవద్దు. అది జాలి.