రాకెట్ ఉన్న ఒకటో సంచిక ఏది?

తమ్ముడూ, సినిమా చూసి ముచ్చటపడి చిత్తూరుకు తెప్పించుకున్న 1990 నాటి ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ కామిక్ ఒకటో సంచికలో రాకెట్, అదే ఆ మాట్లాడే రకూన్, లేడు, నకిలీదేమో అని అడిగావు. టెన్షన్ వద్దు. అది 1969లో పుట్టిన పాత జట్టు, 31వ శతాబ్దం కథ. నీలి రంగు విలుకాడు యోండు ఉన్నాడు చూడు.

నీకు కావలసింది డాన్ ఆబ్నెట్, ఆండీ లానింగ్ రాసిన 2008 నాటి ఒకటో సంచిక. తిరుపతిలో మా మిద్దె మీద కూర్చుని ఒక్క పూటలో మూడుసార్లు చదివాను. పోరాటం మధ్యలో ఒక్కొక్కరూ మనకేసి తిరిగి జరిగినదాని గురించి తమ మాట చెబుతారు. ఒకరిపై ఒకరికి ఇంకా నమ్మకం కుదరలేదని ఆ చిన్న గళ్ళలోనే తెలిసిపోతుంది. నాకు ప్రాణం అదే. పాతదాన్ని మాత్రం అమ్మేయకు, యోండు కోసమైనా చదువు.