ఫ్లవర్‌హార్న్ తలమీది బుడిపె తగ్గుతుంటే ముందు నీళ్లు చూడండి

రెండడుగుల తొట్టెలో పెంచుతున్న ఫ్లవర్‌హార్న్ చేప మేత మానేసిందనీ, తలమీది బుడిపె చిక్కిపోతోందనీ రాసి, ఏ మేతకు మారిస్తే మంచిదని అడిగారు. తిరుపతి కొర్లగుంటలోని మా ఇంట్లో కొన్నేళ్లుగా ఈ చేపను పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను: మేత సంగతి తరవాత, ముందు నీళ్లలో అమోనియా (చేప విసర్జనల వల్ల, మిగిలిపోయిన మేత వల్ల చేరే విషపదార్థం) ఎంత ఉందో పరీక్షించండి.

ఫ్లవర్‌హార్న్ ప్రకృతిలో పుట్టిన జాతి కాదు. మధ్య అమెరికా సిక్లిడ్ చేపలను సంకరపరచి 1990లలో మలేషియాలో రూపొందించినది. ఆ పూర్వీకుల మూలంగా పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 7 నుంచి 8 దాకా ఉండే కఠినమైన నీళ్లు దీనికి సరిపడతాయి కాబట్టి, సబ్బు సరిగా నురగ పట్టని మా బోరు నీళ్లు దీనికి బాగానే నప్పాయి. చిక్కు కూడా అందులోనే ఉంది. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ నీళ్లలోని అమోనియాలో విషంగా పనిచేసే భాగం పెరుగుతుంది. అందువల్ల చల్లని, పీహెచ్ తక్కువ ఉన్న నీళ్లలో చేప తట్టుకోగలిగినంత అమోనియాయే మన ఎండాకాలపు బోరు నీళ్లలో దాని మొప్పలను దెబ్బతీస్తుంది. వేడెక్కిన నీళ్లలో ప్రాణవాయువు కూడా తక్కువే కరుగుతుంది కనుక, కరెంటు పోయినా ఆడే బ్యాటరీ ఎయిర్ పంపు ఏప్రిల్, మే నెలల్లో తప్పనిసరి అని నా అభిప్రాయం.

దాదాపు అడుగు పొడవు పెరిగే చేపకు రెండడుగుల తొట్టె చాలదు. నాలుగడుగుల తొట్టెలో, 250 లీటర్లకు తగ్గని నీళ్లలో ఒక్కదాన్నే ఉంచండి. తోడుగా వేసిన చేపను అది కొట్టి చంపే ప్రమాదం ఉంది. వారానికొకసారి పావువంతు నీళ్లు మార్చాలి, కార్పొరేషన్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి. అమోనియాను హరించే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలోనే కాపురముంటుంది కనుక, దాన్ని కుళాయి కింద కడగకుండా తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

బుడిపె పెంచుతాయని చెప్పి అమ్మే మేతల మీద నాకు నమ్మకం లేదు. బుడిపె ముఖ్యంగా వంశాన్ని బట్టీ, మగచేప కావడాన్ని బట్టీ వస్తుంది. ఇబ్బందిపడి మేత మానిన చేపకు తగ్గుతుంది. మంచి గుళికల మేత, అప్పుడప్పుడు ఎండు రొయ్యలు చాలు.

మలం తెల్లని దారంలా వస్తుంటే కడుపులో పరాన్నజీవులు ఉండవచ్చు, వాటికి మెట్రోనిడజోల్ వాడతారు. అయితే మోతాదును చేపల జబ్బులు తెలిసిన పశువైద్యుణ్ణి అడిగి వేయండి. అమోనియా ఎంత వచ్చిందో, నీళ్ల వేడి ఎన్ని డిగ్రీలుందో, మలం ఎలా ఉందో రాస్తే, మందు దాకా వెళ్లాలో వద్దో చెప్పగలను.